బెంగళూరు తెలుగు గ్రూపుల అడ్మిన్లకు: ఆ ఫోటో గురించి

అడ్మిన్లందరికీ నమస్కారం.

మారతహళ్లి, మున్నేకొళాల, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం, రామమూర్తి నగర్. మనవాళ్లు నలుగురు చేరిన ప్రతిచోటా ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఉగాదికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందో, శుక్రవారం రాత్రి అనంతపురం వెళ్లే కారులో సీటు ఖాళీ ఉందో లేదో, మాడిన కుక్కరు ఎలా తోమాలో అన్నీ అక్కడే తెలుస్తాయి. నేను అలాంటి 5 గ్రూపుల్లో ఉన్నాను. 18 ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నా, మీ గ్రూపులు లేకపోతే నాకు మంచి నెయ్యి కూడా దొరకదు. ఆ చనువుతోనే, కాస్త సిగ్గుపడుతూ, లైంగిక నేరం చేశాడని ఎవరినైనా అనుమానిస్తే వాళ్ల ఫోటో, పేరు గ్రూపుల్లో తిప్పడం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఒక రాత్రి 9:40కి వాటిలో ఒక గ్రూపులోకి ఒక డ్రైవింగ్ లైసెన్సు ఫోటో వచ్చింది. కింద మూడు ఎర్ర సైరన్ బొమ్మలు. స్కూలు వ్యాన్ నంబరు, రూటు, ఏ బ్లాకు పాప, ఏ క్లాసు, ఏం జరిగిందట, అన్నీ నాలుగు లైన్లలో ఉన్నాయి. చివర్లో 'ప్లీజ్ ఫార్వర్డ్ టు ఆల్ పేరెంట్స్'. ఆ లైసెన్సు ఫోటో ఎక్కడిదో తర్వాత తెలిసింది. జూన్‌లో స్కూళ్లు తెరిచినప్పుడు తల్లిదండ్రులు అడిగితే, అందరికీ నమ్మకం కుదరాలని ఆ డ్రైవరే దాన్ని వ్యాన్ గ్రూపులో పెట్టాడు. (పాప ఎవరో తెలియకూడదు కాబట్టి ఇక్కడ కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. ఎవరని ఊహించే పని పెట్టుకోకండి.)

నేనూ ఫార్వర్డ్ చేశాను. రెండు గ్రూపులకి. పెనం మీద చపాతీ ఉంది, మెసేజ్ సగమే చదివాను, ఎడమ చేత్తోనే నొక్కేశాను. మా అమ్మాయి కూడా అప్పుడు వ్యాన్‌లోనే వెళ్లేది. ఆ టెన్షన్‌లో ఇంకేమీ తోచలేదు.

పొద్దున 7 గంటలకి గేటు దగ్గర పదిహేను మంది దాకా పోగయ్యారు. వ్యాన్ వచ్చింది. ఆయన దిగి "ఏమైంది సార్" అనబోయాడు, అంతలోనే చెంప మీద దెబ్బ పడింది. తర్వాతివి ఎవరు కొట్టారో ఎవరూ చెప్పరు. సెక్యూరిటీ అతను పోలీసులకి ఫోన్ చెయ్యబట్టి సరిపోయింది.

పాప తల్లి ఆ గుంపులో లేదు. ఆ ఫోటో పెట్టిందీ ఆమె కాదు. ఆమె ఏడుస్తూ ఒక స్నేహితురాలికి చెప్పుకుంది. ఆ స్నేహితురాలు ఇంకొకరికి చెప్పింది. ఆ ఇంకొకరు సైరన్ బొమ్మలు పెట్టారు. తల్లి మాత్రం నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లింది. సాయంత్రం ఒక మహిళా ఎస్.ఐ. చుడీదార్‌లో ఇంటికొచ్చి, పాప పక్కన నేల మీద కూర్చుని, రంగు పెన్సిళ్లు చెక్కిస్తూ మాట్లాడింది. పిల్లల మీద లైంగిక నేరాల కోసం ఉన్న పోక్సో చట్టం చెప్పేదీ అదే: పిల్లల దగ్గర యూనిఫాం వేసుకోకూడదు, వాళ్లకి ఇబ్బంది లేని చోటే మాట్లాడాలి, వీలైనంతవరకు ఎస్.ఐ. కన్నా తక్కువ హోదా లేని మహిళా అధికారే వాంగ్మూలం తీసుకోవాలి. గంటన్నర తర్వాత తేలిందేమిటంటే, పాప చెప్పిన 'వ్యాన్ అంకుల్' మన డ్రైవర్ కాదు. ముందు వారం ఆయన వ్యాన్ రిపేరుకి వెళ్తే రెండు రోజులు బదులు వ్యాన్ వచ్చింది. వాడు ఆ బదులు వ్యాన్‌లో వచ్చినవాడు.

పాప చెప్పింది నిజం. మనం చూపించిన మనిషి తప్పు.

ఈ రెండు ముక్కల్నీ విడదీయకుండా చదవండి. ఈ కథ చెబితే చాలామంది "చూశారా, ఇలాంటి తప్పుడు కేసులే అన్నీ" అంటారు. మా బంధువుల్లోనే ఒకాయన అన్నాడు. కేసు తప్పుడుది కాదు. ఫిర్యాదు చేసినవాళ్లు అబద్ధం ఆడలేదు. తప్పు మనది, ఫోన్ పట్టుకున్నవాళ్లది. అసలువాడికి కూడా ఆ రాత్రే సంగతి తెలిసి ఉంటుంది, తెల్లారేసరికి ఫోన్ ఆపేసి ఊరు దాటాడు. పోలీసులు వాణ్ని పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. అప్పటికి మన గ్రూపుల్లో బొమ్మల కొలువు ఫోటోలు నడుస్తున్నాయి. వాడి పేరు, వాడి ముఖం ఈ రోజుకీ ఏ గ్రూపులోనూ లేవు.

డ్రైవర్ వ్యాన్ అమ్మేశాడు. వాళ్ల ఆవిడ మా ఇంట్లో వంట చేసేది, కదిరి వైపు మనిషి. వారం తర్వాత పనిలోకి వచ్చి, ఉల్లిపాయలు తరుగుతూ తల ఎత్తకుండా అడిగింది: "అక్కా, ఆ ఫోటో మీ ఫోన్లో కూడా ఉందా?" లేదమ్మా అన్నాను. ఉంది. గ్యాలరీలో వరలక్ష్మీ వ్రతం ఫోటోల తర్వాత రెండో వరసలో ఉంది. నెల తిరక్కుండానే వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. పాప కుటుంబం కూడా రెండు నెలల్లో వెళ్లిపోయింది. మెసేజ్‌లో పాప పేరు లేదని మనం సమాధానపడ్డాం. కానీ బ్లాకు, క్లాసు, వ్యాన్ రూటు ఉంటే పేరుతో పనేముంది? లిఫ్టులో ఆ తల్లిని చూసి జనం మాటలు ఆపేసేవాళ్లు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. లైంగిక నేరాల కేసుల్లో నిందితుడి పేరు దాచాలా?

మన చట్టం బాధితుల పేరు దాస్తుంది. 1983లో ఐపీసీలో, అంటే పాత శిక్షాస్మృతిలో, చేర్చిన 228ఏ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్, అదే పని చేస్తుంది. పేరు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు. పిల్లల విషయంలో పోక్సో 23వ సెక్షన్ ఇంకా గట్టిది: పేరు, చిరునామా, ఫోటో, కుటుంబం, స్కూలు, చివరికి ఉండే పేట కూడా చెప్పకూడదు. అంటే ఆ రాత్రి మెసేజ్‌లోని బ్లాకు, క్లాసు ఈ సెక్షన్ కిందికే వస్తాయి. నిందితుడు పెద్దవాడైతే మాత్రం అతని పేరు దాచమని క్రిమినల్ చట్టం ఎక్కడా చెప్పదు. మైనరైతే బాలల న్యాయ చట్టం దాస్తుంది.

2017 సెప్టెంబరులో గురుగ్రామ్ దగ్గర ఒక స్కూల్లో ఏడేళ్ల బాబు హత్య జరిగింది. పోలీసులు ఆ రోజే స్కూలు బస్సు కండక్టర్ని పట్టుకుని, బాబు మీద లైంగిక దాడికి ప్రయత్నించి చంపేశాడని చెప్పారు. దేశమంతా అతని ముఖం చూసింది. తర్వాత కేసు సీబీఐ చేతికి వెళ్తే, అదే స్కూల్లో చదివే 16 ఏళ్ల కుర్రాడు అరెస్టయ్యాడు. 2018 ఫిబ్రవరిలో కోర్టు కండక్టర్ని కేసు నుంచి తప్పించింది. ఆ కుర్రాడు మైనర్ కాబట్టి పత్రికల్లో అతనికి 'భోలు' అనే మారుపేరు వాడమని కోర్టు చెప్పింది. తప్పు లేదు, చట్టం అది. కానీ కండక్టర్ ముఖం? అది ఇప్పటికీ వెతికితే వస్తుంది.

మనం తెలుగువాళ్లం, 2019 నవంబరు మరిచిపోలేం. దిశ కేసులో ఆ అమ్మాయి అసలు పేరు ముందు అందరం వాడేశాం, తర్వాత పోలీసులు దిశ అని పేరు పెట్టారు. నలుగురు నిందితుల ఫోటోలు వాళ్ల ఊళ్లతో, ఇళ్లతో సహా తిప్పాం. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర పోలీసులు వాళ్లని కాల్చి చంపినప్పుడు పూలు చల్లాం, మా గ్రూపులో మైసూర్‌పాక్ ఫోటోలు పెట్టాం. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదిక ఎన్‌కౌంటర్ కథని నమ్మలేదు. నలుగురిలో ముగ్గురు నేరం నాటికి మైనర్లని చెప్పింది. మన ఫోన్లలో వాళ్లు "మైనర్లు" ఎప్పుడూ కాలేదు. ఆ కేసులో నేరం ఘోరమైనది, అందులో నాకు అనుమానమేమీ లేదు. విచారణ అనేది ఒకటి ఉండాలి కదా అని మా గ్రూపులో ఒక పెద్దాయన రాస్తే ఆయన్ని తిట్టి తీసేశారు. అడ్మిన్ గారు ఎవరో ఆయనకి గుర్తుండే ఉంటుంది.

ఇంతవరకు చదివితే, అయితే పేర్లన్నీ దాచేద్దాం అనిపిస్తుంది. నాకు అలా అనిపించట్లేదు. ఎందుకో చెప్పాలంటే నా ఆఫీసు సంగతి చెప్పాలి.

నేను హెచ్.ఆర్.లో పని చేస్తాను. కొన్నేళ్లుగా మా కంపెనీ ఐసీలో, అంటే ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీలో, సభ్యురాలిని. 2013 నాటి పోష్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసినామె పేరే కాదు, రెస్పాండెంట్ పేరు, అంటే ఎవరి మీద ఫిర్యాదో ఆ మనిషి పేరు, సాక్షుల పేర్లు కూడా బయటికి రాకూడదు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. అంటే నిందితుడికి గోప్యత అనేది మనకి కొత్త కాదు, టెక్ పార్కుల్లో రోజూ నడుస్తున్నదే. అది మంచి కూడా చేస్తుంది. నోరు విప్పడానికి భయపడే అమ్మాయి, తన మాట క్యాంటీన్‌కి పాకదన్న ధైర్యంతో విప్పుతుంది. ఇదే చట్టం ఇంకో మాట చెబుతుంది: ఫిర్యాదు నిరూపించలేకపోయినంత మాత్రాన అది అబద్ధపు ఫిర్యాదు అయిపోదు. ఈ ఒక్క వాక్యం ఎంతమంది మేనేజర్లకి ఎన్నిసార్లు చదివి వినిపించానో లెక్కలేదు.

అదే గోప్యత చాటున జరిగేదీ చూశాను. విచారణ మొదలవగానే మనిషి రాజీనామా ఇస్తాడు. రిలీవింగ్ లెటర్ తీసుకుంటాడు, "విష్ యూ ఆల్ ది బెస్ట్" మెయిల్ కూడా వస్తుంది. మూడు నెలల తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఇంకో కంపెనీలో టీం లీడ్. అక్కడి ఆడపిల్లలకి ఎవరు చెబుతారు? మేం చెప్పకూడదు. మేం ముందు ఉన్న అపార్ట్‌మెంట్లో ఒక సంగీతం మాస్టారి విషయంలో పెద్దలు కూర్చుని "పిల్లల భవిష్యత్తు, ఎందుకు రచ్చ" అని మెల్లగా పంపించేశారు. ఎవరూ పోలీసులకి చెప్పలేదు. ఆయన రెండు వీధుల అవతల బోర్డు పెట్టుకున్నాడు. అక్కడా ఇదే జరిగిందని తర్వాత విన్నాం. మౌనంగా పంపించేసినవాళ్లకి తెలియని సంగతి ఏమిటంటే, పిల్లల మీద నేరం తెలిసి కూడా చెప్పకపోవడం పోక్సో ప్రకారం అదే ఒక నేరం.

పేరు దాస్తే ఎవరికి లాభమో చూడాలంటే మన బెంగళూరు సివిల్ కోర్టుల వైపు చూడండి. 2021 మార్చిలో ఒక మంత్రి మీద లైంగిక ఆరోపణల సీడీ వ్యవహారం బయటపడి ఆయన రాజీనామా చేసిన కొద్ది రోజులకే, మరో ఆరుగురు కర్ణాటక మంత్రులు తమ మీద ఏదీ ప్రసారం చెయ్యకుండా 60కి పైగా మీడియా సంస్థల మీద ఇంజంక్షన్, అంటే కోర్టు నిషేధపు ఆర్డరు, తెచ్చుకున్నారు. అప్పటి హాసన్ ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణ 2023లోనే ఇలాంటి ఆర్డరు తెచ్చుకున్నాడు. 2024 ఏప్రిల్‌లో, పోలింగ్‌కి ముందు, హాసన్‌లో అతనివని చెప్పే అశ్లీల వీడియోల పెన్‌డ్రైవ్‌లు తిరిగాయి. వాటిలో ఆడవాళ్ల ముఖాలకి మసక కూడా వెయ్యలేదు. ఎంపీ పేరు కోర్టు ఆర్డరు చాటున ఉంది, వాళ్ల ముఖాలు జనం జేబుల్లో ఉన్నాయి. చివరికి ఆ ఎంపీ కుటుంబం ఫాంహౌస్‌లో పని చేసిన ఒకామె కోర్టులో నిలబడి చెప్పబట్టి, 2025 ఆగస్టులో బెంగళూరు ప్రత్యేక కోర్టు అతణ్ని దోషిగా తేల్చి యావజ్జీవం వేసింది. కేసు పేరుతో సహా బయటికి వచ్చింది కాబట్టే మరికొందరు ఆడవాళ్లు ఫిర్యాదుకి ముందుకొచ్చారు. పేరు మొత్తంగా దాచేస్తే ఈ రెండో మనిషి, మూడో మనిషి ఎప్పటికీ రారు. "నాకొక్కదానికే ఇలా జరిగింది" అనుకుంటూ ఉండిపోతారు.

కాబట్టి డబ్బు, పలుకుబడి ఉన్నవాడికి పేరు దాచుకునే హక్కు ఇప్పటికే ఉంది. లేనిది వ్యాన్ డ్రైవర్‌కి, కండక్టర్‌కి, సెక్యూరిటీ అతనికి.

ఇంగ్లండ్‌లో 1976లో ఫిర్యాదు చేసినవాళ్లతో పాటు నిందితుడి పేరు కూడా దాచాలని చట్టం చేశారు. 1988లో నిందితుడి రక్షణ తీసేశారు. హత్య కేసు నిందితుడికి లేనిది ఇతనికే ఎందుకన్న ప్రశ్నకి సరైన జవాబు దొరకలేదు. ఐర్లండ్‌లో రేప్ కేసుల్లో శిక్ష పడేదాకా పేరు దాచే పద్ధతి కొనసాగుతోంది. ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను, లాయర్లు నవ్వుకున్నా పర్వాలేదు. కోర్టు అభియోగాలు ఖరారు చేసేదాకా పోలీసులు, టీవీలు, మనం ఎవరమూ నిందితుడి పేరు, ఫోటో బయట పెట్టకూడదు. అక్కణ్నుంచి కోర్టులో జరిగేది అందరికీ తెలియాల్సిందే, అక్కడ పేరు దాస్తే కోర్టు మీదే అనుమానం వస్తుంది. పారిపోయినవాణ్ని పట్టుకోవాలన్నా, ఇంకా బాధితులుంటే రమ్మని పిలవాలన్నా, మెజిస్ట్రేట్ అనుమతితో పోలీసులు ముందే చెప్పొచ్చు. బాధితురాలి నోరు మాత్రం ఏ దశలోనూ మూయకూడదు. ఆమె తన సంగతి తానే, పేరు పెట్టి చెప్పదలుచుకుంటే అది ఆమె ఇష్టం. ఆమె తరఫున వంద మంది చెప్పడం వేరు.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. దేశంలో నేరాల లెక్కలు తీసే ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో ఏటా 90 శాతానికి పైగా రేప్ కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. తండ్రో, బాబాయో, పక్కింటాయనో. అలాంటప్పుడు నిందితుడి ఫోటో పెట్టడం అంటే పిల్ల ఇంటి తలుపు మీద పేరు రాసినట్టే.

ఆ జాగ్రత్త పోలీసులకే ఒక్కోసారి ఉండదు. లైంగిక నేరాల ఎఫ్ఐఆర్‌లు ఆన్‌లైన్‌లో పెట్టొద్దని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. అయినా 2024 డిసెంబరులో చెన్నై అన్నా యూనివర్సిటీ కేసులో విద్యార్థిని వివరాలున్న ఎఫ్ఐఆర్ బయటికి వచ్చేసింది. మద్రాసు హైకోర్టు ముగ్గురు మహిళా ఐపీఎస్ అధికారులతో ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేసి, ఆ అమ్మాయికి 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం ఇమ్మంది. అంత పెద్ద వ్యవస్థ చేతిలోంచి జారిపోయింది, ఇక చపాతీ తిప్పుతూ నొక్కే మా చేతుల్లోంచి జారదా?

మీతో పనేమిటో ఇప్పుడు చెబుతాను. గ్రూపులో ఎవరో పెట్టినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయి, కాబట్టి కేసు భయం పెట్టడానికి ఈ ఉత్తరం రాయట్లేదు. కానీ డిలీట్ బటన్ మీ దగ్గరుంది. 2018 మేలో ఇక్కడే చామరాజపేటలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడన్న పుకారుతో రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక యువకుణ్ని కొట్టి చంపారు. ఆ జులైలో బీదర్ దగ్గర హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఒకతను ఇలాగే చనిపోయాడు. పిల్లలకి చాక్లెట్లు ఇవ్వడమే అక్కడ మొదలు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి 5 చాట్లకి మించి ఫార్వర్డ్ కాకుండా చేసింది. మన గ్రూపుల్లో ఐదుకి ఐదూ వాడేవాళ్లకి కొదవ లేదు.

మా గ్రూపులో నేను అడిగి, గొడవపడి పిన్ చేయించిన మెసేజ్ ఇది, కావాలంటే వాడుకోండి: "పిల్లల మీద, ఆడవాళ్ల మీద నేరం జరిగిందని తెలిస్తే 112కి, పిల్లలైతే 1098కి ఫోన్ చెయ్యండి. ఎవరి ఫోటో, లైసెన్సు, ఆధార్, బండి నంబరు, బ్లాకు, క్లాసు ఇక్కడ పెట్టొద్దు. పెడితే అడ్మిన్ తీసేస్తారు. స్టేషన్‌కి తోడు ఎవరైనా రావాలంటే అడగండి, వస్తాం." చివరి వాక్యం కోసమే ఎక్కువ గొడవైంది. తోడు ఎవరొస్తారు, ఆఫీసులుంటాయి కదా అన్నారు. ఆరుగురం పేర్లిచ్చాం.

ఇక పాత బాకీ ఒకటి ఉంది. ఆ లైసెన్సు ఫోటో పెట్టిన గ్రూపుల్లో ఒక్కటి కూడా ఆయన కాదని మళ్లీ రాయలేదు. పాత మెసేజ్ ఇప్పుడు డిలీట్ కాదు, గడువు దాటిపోయింది. పైకి స్క్రోల్ చేస్తే ఇంకా అక్కడే ఉంటుంది, సైరన్ బొమ్మలతో సహా. కొత్త మెసేజ్ పెట్టడానికి ఏ అడ్డూ లేదు. నేను ఫార్వర్డ్ చేసిన రెండు గ్రూపుల్లో నిన్న రాత్రి పెట్టాను: "రెండేళ్ల కిందట నేను పంపిన వ్యాన్ డ్రైవర్ ఫోటో తప్పు. ఆ నేరం చేసింది ఆయన కాదని పోలీసులే తేల్చారు. మీ ఫోన్లో ఉంటే తీసెయ్యండి. పంపినందుకు క్షమించండి." ఒక గ్రూపులో ముగ్గురు బొటనవేలు బొమ్మ పెట్టారు. రెండోదాంట్లో ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు. ఆ వెంటనే ఎవరో ముద్దపప్పు, ఆవకాయ ఫోటో పెట్టారు.

ఆ డ్రైవర్ వాళ్ల ఆవిడ కొత్త నంబరు నా దగ్గరుంది. మీలో ఎవరైనా ఆ మెసేజ్ పెడితే నాకు స్క్రీన్‌షాట్ పంపండి, ఆమెకి పంపిస్తాను.

ఇట్లు,
మీ గ్రూపుల్లో ఒక సభ్యురాలు
బెంగళూరు